ట్రాక్ స్నో బ్లోవర్ గట్టి మంచులో ఆగిపోతోంది, ఇంజిన్ మాత్రం బాగానే ఉంది. ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: ట్రాకుల మీద నడిచే స్నో బ్లోవర్ (మంచును తవ్వి దూరంగా చిమ్మే యంత్రం), ఫ్రిక్షన్ డిస్క్ రకం. చదునుగా ఉన్నచోట బాగానే నడుస్తోంది. రోడ్డు శుభ్రం చేసే ట్రక్కు పక్కకు నెట్టిన గట్టి దిబ్బలోకి తోలితే మాత్రం ట్రాకులు నిలిచిపోతున్నాయి. ఇంజిన్ శబ్దంలో మార్పు లేదు. కేబుల్ బిగిస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికి వచ్చింది. ఎవరో ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చమన్నారు. మార్చాలా?

వద్దు, అప్పుడే ఆ పని చేయకండి. ఇంజిన్ శబ్దం తగ్గకుండా ట్రాకులు ఆగుతున్నాయంటే శక్తి తయారవుతోంది కానీ మధ్యలో ఎక్కడో జారిపోతోంది. మీరు చెప్పిన లక్షణాలకు మొదటి అనుమానం ఫ్రిక్షన్ వీల్ రబ్బరు మీద: అరిగి ఉండాలి, లేదా దానికి గ్రీజో నీళ్లో అంటి ఉండాలి. రెండో అనుమానం డ్రైవ్ బెల్ట్. మూడోది బెల్ట్‌ను బిగించి ఉంచే ఐడ్లర్ చేయి, లేదా డిస్క్‌ను నొక్కే చేయి తుప్పు పట్టి కదలకపోవడం. నా దగ్గరికి "గేర్లు పోయాయి" అంటూ వచ్చిన మెషిన్లలో ఎక్కువ భాగం ఈ మూడింటిలోనే తేలిపోతాయి.

కేబుల్ బిగిస్తే కొద్దిరోజులు బాగుపడటం కూడా రబ్బరు వైపే వేలు చూపిస్తోంది. రబ్బరు అరిగేకొద్దీ చక్రం చిన్నదై డిస్క్‌కు దూరం జరుగుతుంది. కేబుల్ బిగించి ఆ దూరాన్ని పూడ్చారు. రబ్బరు ఇంకాస్త అరిగాక మళ్లీ అదే కథ.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి చెబుతాను, తర్వాత చెప్పే పరీక్షలు అర్థమవుతాయి. ఇంజిన్ నుంచి వచ్చే బెల్ట్ ఒక గుండ్రటి లోహపు పళ్లేన్ని తిప్పుతుంది. అదే డిస్క్. దాని ముఖానికి నిలువుగా, అంచుకు రబ్బరు తొడిగిన చిన్న చక్రం ఒకటి ఆనుతుంది. అది ఫ్రిక్షన్ వీల్. ఈ చక్రం ఆరు పలకల షాఫ్ట్ మీద అటూ ఇటూ జరుగుతుంది. డిస్క్ మధ్యకు దగ్గరగా ఉంటే నెమ్మది, అంచు వైపు జరిగితే వేగం, మధ్య దాటి అవతలి వైపుకు పోతే రివర్స్. చేతి కింద ఉన్న డ్రైవ్ లివర్ నొక్కితే కేబుల్, దాని స్ప్రింగ్ కలిసి డిస్క్‌నూ చక్రాన్నీ ఒకదానికొకటి అదుముతాయి. అక్కడి నుంచి గేర్లు, చైన్, ఇరుసు, ట్రాకులు. అంటే మెషిన్ బరువంతా ముందుకు తోసేది ఆ రబ్బరు అంచు డిస్క్‌ను తాకే చిన్న గీత మాత్రమే. అంత చిన్న చోట ఒక చుక్క నూనె పడినా ఏమవుతుందో ఊహించండి.

ముందుగా మూడు రకాల బలహీనతలను విడదీసుకోవాలి, ఎందుకంటే అందరూ వీటన్నిటినీ "లాగడం లేదు" అనే అంటారు. ట్రాకులు తిరుగుతూ మెషిన్ కదలకపోతే అది పట్టు సమస్య. కింద ఐసు ఉంది, లేదా ముందు భాగం ఎత్తులో ఉండి ట్రాకుల మీద బరువు సరిగ్గా పడటం లేదు. ఇంజిన్ గొంతు బరువెక్కి, దిగిపోయి, ఆగబోతుంటే అది ఇంజిన్ సమస్య, లేదా ఆగర్ (ముందు భాగంలో తిరుగుతూ మంచును తవ్వే మర) మీద మోయలేనంత లోడ్. ట్రాకులు ఆగి ఇంజిన్ మామూలుగా మోగుతుంటేనే డ్రైవ్ జారుతున్నట్టు. మీది మూడోది. ఇంజిన్ సంగతి ఒక్క ముక్కలో: ఈ మెషిన్లు పూర్తి థ్రాటిల్‌లో, అంటే నిమిషానికి సుమారు 3600 చుట్ల దగ్గర పనిచేయడానికి చేసినవి. సగం థ్రాటిల్‌లో నడిపి "బలం లేదు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నిరుటి పెట్రోలు ట్యాంకులోనే ఉండిపోయి కార్బురేటర్ జెట్ పూడుకుపోయినా ఇలాగే ఉంటుంది. ఆ రెండూ మీ విషయంలో కావు.

ఇప్పుడు అసలు పరీక్ష. మూత విప్పకముందే బెల్టా, రబ్బరా అన్నది చాలావరకు తేల్చేస్తుంది. మెషిన్ ఏ గేరులో బలహీనంగా ఉందో చూడండి.

కారణం ఇదీ. ట్రాకులను కదిలించడానికి రబ్బరు చక్రం అంచు దగ్గర కావలసిన తోపు ఏ గేరులోనైనా ఒకటే, ఎందుకంటే ఆ చక్రం సైజు మారదు. కాబట్టి రబ్బరు పట్టు పోయి ఉంటే మొదటి గేరులోనూ జారుతుంది, ఐదో గేరులోనూ అంతే జారుతుంది. బెల్ట్ విషయం వేరు. చక్రం డిస్క్ మధ్యకు దగ్గరగా ఉన్నప్పుడు డిస్క్‌ను తిప్పడం సులువు, బెల్ట్ మీద బరువు తక్కువ. అంచుకు జరిగేకొద్దీ అదే తోపుకు డిస్క్‌ను తిప్పడం కష్టమవుతుంది, ఆ కష్టమంతా బెల్ట్ మోయాలి. అందుకని నెమ్మది గేరులో గట్టిగా లాగి, వేగం గేరులో జారితే బెల్ట్‌ను అనుమానించండి. అన్ని గేర్లలో ఒకేలా జారితే రబ్బరు చక్రాన్ని అనుమానించండి.

ఈ పరీక్ష మంచులో చేస్తే తేడా తెలియదు, వేగం పెంచితే ఎదురొచ్చే మంచు కూడా పెరుగుతుంది కదా. ఐసు లేని గరుకు కాంక్రీటు మీద, ఆగర్ ఆపి ఉంచి, ఒక గట్టి గోడకు అడ్డంగా దుంగ పెట్టి, మెషిన్ ముందు భాగాన్ని దానికి ఆనించండి. ఎదుట ఎవరూ ఉండకూడదు. మొదటి గేరులో డ్రైవ్ లివర్ నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న మెషిన్ అయితే ట్రాకులు నేల మీద గీరుకుంటూ తిరుగుతాయి, లేదా ఇంజిన్ మూలుగుతుంది. ట్రాకులు కదలకుండా ఇంజిన్ హాయిగా మోగుతుంటే జారుతున్నట్టే. లివర్ వదిలి, గేరు మార్చి, మళ్లీ చూడండి. ఒకటి రెండు సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు. ఆగిపోయిన రబ్బరు మీద తిరిగే డిస్క్ ఒకే చోట రాసుకుంటే అక్కడ చదునుగా కోసుకుపోతుంది. ఆ తర్వాత మెషిన్ నడిచేటప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ దడ్ దడ్‌మని కుదుపు మొదలవుతుంది.

ఇక విప్పడం. పనిముట్టు పట్టుకునే ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి దూరంగా ఉంచండి. సైలెన్సర్ చల్లారనివ్వండి. ట్యాంకులో పెట్రోలు బాగా తగ్గించాలి, పెట్రోలు ఆపే కుళాయి (షటాఫ్) ఉంటే మూసేయాలి. తర్వాత మెషిన్‌ను ముందుకు వంచి ఆగర్ గూడు మీద నిలబెట్టాలి. చక్రాల మెషిన్ల కంటే ట్రాక్ మెషిన్లు చాలా బరువు, కాబట్టి రెండో మనిషి తప్పనిసరి. నిలబెట్టాక వెనక్కి పడకుండా హ్యాండిల్‌ను దేనికైనా కట్టేయండి. పెట్రోలు కారే అవకాశం ఉంది కనుక దగ్గరలో హీటర్, మంట ఏదీ ఉండకూడదు.

అడుగున రేకు మూత ఉంటుంది, కొన్ని బోల్టులు తీస్తే వచ్చేస్తుంది. ఆ మూతను పక్కన పడేయకండి, ముందు దాని లోపలి వైపు చూడండి. నేను ఎప్పుడూ మొదట చూసేది అదే. నల్లటి మెత్తని పొడి ఎండుగా పేరుకుని ఉంటే రబ్బరు అరుగుతోంది. అదే పొడి వేలికి బంకలా అంటుకుని మెరుస్తుంటే ఎక్కడి నుంచో గ్రీజో నూనో కలుస్తోంది. ఎర్రటి తుప్పు నీళ్ల మరకలు ఉంటే మంచు లోపలికి వస్తోంది.

తర్వాత చక్రం. మంచి రబ్బరు మసకగా, గోరుతో నొక్కితే కొద్దిగా దిగేలా ఉంటుంది. జారిజారి కాలిన రబ్బరు నల్లటి అద్దంలా నిగనిగలాడుతుంది, గోరు దిగదు. పగుళ్లు, ఊడిన ముక్కలు, ఒకచోట చదును ఉన్నాయేమో చుట్టూ తిప్పి చూడండి. రబ్బరును పట్టి ఉంచే లోహపు రేకుల అంచు దాకా అరిగిపోయిందంటే ఇంకేమీ ఆలోచించకుండా మార్చేయండి. ఇంకో సీజన్ లాగిద్దామనుకుంటే ఆ లోహం డిస్క్‌ను తాకి గాడి వేస్తుంది. అప్పుడు డిస్క్ కూడా మార్చాలి, ఎందుకంటే గాడి పడిన డిస్క్ కొత్త రబ్బరును కూడా త్వరగా తినేస్తుంది. డిస్క్ మీద చేయి రాసి చూస్తే గాడి కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది.

రబ్బరు మందంగానే ఉండి పైన మాత్రం నిగనిగలాడుతుంటే మార్చనక్కరలేదు. సన్నటి గరుకు కాగితంతో పైపొర తేలికగా గీకండి. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసిన శుభ్రమైన గుడ్డతో, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవండి. బ్రేక్ క్లీనర్ వాడాలనుకుంటే గుడ్డ మీద పోసి డిస్క్‌కు మాత్రమే రాయండి, రబ్బరు మీద నేరుగా కొట్టకండి. బెల్ట్ జారకుండా ఉండటానికని డబ్బాల్లో అమ్మే స్ప్రేలు ఇక్కడ అసలు వద్దు. అవి మురికిని పట్టుకుంటాయి, చివరికి డిస్క్ మీదకే చేరుతాయి.

శుభ్రం చేస్తే సరిపోదు, జిడ్డు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి. ఎక్కువసార్లు కారణం ప్రేమతో పెట్టిన గ్రీజే. ఆరు పలకల షాఫ్ట్‌కు పలుచటి పూత చాలు. ముద్దలుగా పెడితే వేడికి కరిగి, తిరిగేటప్పుడు చిమ్మి, నేరుగా డిస్క్ మీద పడుతుంది. అది కాకపోతే ఇంజిన్ వైపు నుంచి ఆయిల్ సీల్ కారుతోందేమో చూడండి.

నీటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మనుషుల్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది. ఒకాయన తెచ్చిన మెషిన్ పని మొదలెట్టిన కాసేపు ఎద్దులా లాగేది, తర్వాత ఉన్నట్టుండి నీరసపడేది. ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా ఉంచితే పొద్దున మళ్లీ బాగుండేది. వేడెక్కితే ట్రాన్స్‌మిషన్ పాడవుతోందని ఆయన నమ్మకం. తీసి చూస్తే రబ్బరు కొత్తదే. అడుగు మూతకు ఒక వైపు బోల్టులు లేవు. ట్రాకులు ఎగజిమ్మే మంచు ఆ సందులోంచి లోపలికి వెళ్లి, ఇంజిన్ వేడికి కరిగి, డిస్క్‌ను తడిపేస్తోంది. రాత్రికి ఆరిపోతోంది. మూత సరిగ్గా బిగించి, అంచు వంకర సరిచేశాక ఆ జబ్బు మళ్లీ రాలేదు. మీ మూత తీసేటప్పుడే బోల్టులన్నీ ఉన్నాయా, రేకు ఎక్కడైనా వంగిందా చూసుకోండి.

చూపుకు ఏదీ తేలకపోతే ఇంకో పద్ధతి. ప్లగ్ వైరు ఊడదీసే ఉందని మరోసారి నిర్ధారించుకుని, డ్రైవ్ లివర్‌ను తాడుతో నొక్కి కట్టేయండి. ట్రాక్ తిరగకుండా దాని పళ్ల మధ్య ఒక కర్ర అడ్డు పెట్టండి. వేళ్లు దూరంగా ఉంచి, రెండో మనిషిని స్టార్టర్ తాడు మెల్లగా, కొద్దికొద్దిగా లాగమనండి. మీరు టార్చి వేసి చూడండి, కదలిక ఎక్కడ ఆగిపోతోందో కనిపిస్తుంది. ఇంజిన్ పుల్లీ తిరిగి డిస్క్ తిరగకపోతే బెల్ట్. డిస్క్ తిరిగి రబ్బరు చక్రం నిలబడితే అక్కడే జారుడు. చక్రం, షాఫ్ట్ తిరుగుతూ ఇరుసు కదలకపోతే చైన్, కీ, పిన్, గేరు పళ్లలో ఏదో తెగింది. స్టార్టర్ తాడే లాగలేనంతగా బిగుసుకుంటే మీ డ్రైవ్ జారడం లేదన్నమాట, కనీసం ఆ బలానికి. మెషిన్ వంచి ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి జారే అవకాశం ఉంది కాబట్టి ఈ లాగుడు రెండు మూడుసార్లతో ముగించేయండి.

బెల్ట్ చూడాలంటే ఇంజిన్ ముందున్న ప్లాస్టిక్ కవర్ తీయాలి. పక్క గోడలు గాజులా మెరుస్తున్నాయా, దారాలు లేచాయా, పగుళ్లున్నాయా చూడండి. బెల్ట్ పట్టు దాని పక్కల మీద ఉంటుంది. అరిగి సన్నబడితే పుల్లీ గాడిలో అడుగుకు దిగిపోతుంది, పక్కలు పట్టవు. మార్చేటప్పుడు కంపెనీ పార్టు నంబరు చూసి తీసుకోండి. కొలతలు సరిపోయాయని కార్ల బెల్ట్ వేస్తే లోపలి దారం వేరుగా ఉంటుంది, వీపు వైపు ఐడ్లర్ నొక్కుడును తట్టుకోలేక సాగిపోతుంది.

కొత్త బెల్ట్ వేసినా జారుతుంటే ఐడ్లర్ చేయి చూడండి. స్ప్రింగ్ ఎంత లాగినా ఆ చేయి తన కీలు దగ్గర తుప్పుతో బిగిసి ఉంటే బెల్ట్ మీద ఒత్తిడి పడదు. ఒక యజమాని వరుసగా బెల్టులు మార్చి, విసిగి, మెషిన్ అమ్మకానికి పెట్టబోతూ నా దగ్గరికి తెచ్చారు. స్ప్రింగ్ ఊడదీసి ఆ చేతిని వేలితో కదిపితే కదల్లేదు, బలంగా తోస్తే కిర్రుమని సగం దూరం వచ్చి అక్కడే నిలబడిపోయింది. కీలు విప్పి, తుప్పు గీకి, పలుచగా గ్రీజు పెట్టి బిగిస్తే అదే బెల్ట్‌తో మెషిన్ గోడను తోసింది. డిస్క్‌ను మోసే చేయికి కూడా ఇదే వర్తిస్తుంది. స్ప్రింగ్ లేకుండా వేలితో కదిపితే స్వేచ్ఛగా ఊగాలి.

కేబుల్ గురించి మీరు చేసింది తప్పు కాదు, కానీ రబ్బరు చూడకుండా బిగించడం వల్ల రోగం దాక్కుంది. లివర్ వదిలినప్పుడు కేబుల్ కాస్త వదులుగా, నొక్కినప్పుడు స్ప్రింగ్ స్పష్టంగా సాగేలా ఉండాలి. ఎంత వదులన్న కొలత మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. మరీ బిగిస్తే లివర్ వదిలినా డిస్క్ రాసుకుంటూనే ఉంటుంది, మెషిన్ తనంతట తను పాకుతుంది. అది ప్రమాదం. రబ్బరు మార్చాక మీరు బిగించిన ఆ కేబుల్‌ను మళ్లీ వదులు చేయడం మరిచిపోకండి. కొత్త చక్రం పెద్దది, పాత బిగింపుతో వెంటనే రాసుకుంటుంది. ఇంకో మాట, కేబుల్ తొడుగులోకి నీరు చేరి గడ్డకడితే లివర్ నొక్కినట్టే ఉంటుంది కానీ అవతలి కొస పూర్తిగా కదలదు. లివర్ నొక్కుతూ ఆ కొసనే చూస్తే తెలిసిపోతుంది.

ట్రాక్ మెషిన్లకు మాత్రమే ఉండే తలనొప్పులు కొన్ని ఉన్నాయి. రోలర్ల మధ్య మంచు దూరి గడ్డకడితే డ్రైవ్ బలమంతా దాన్ని నలపడానికే పోతుంది. ట్రాక్ మరీ బిగుతుగా ఉంటే అదే బరువు, మరీ వదులుగా ఉంటే లోడ్ పడగానే పళ్ల చక్రం మీద టక్ టక్‌మని ఎగురుతుంది. ఆ శబ్దాన్ని గేరు విరిగిందని పొరబడతారు. పని అయ్యాక మంచు లేని చోట కాసేపు ముందుకూ వెనక్కూ నడిపి, ట్రాకుల సందుల్లో మంచు దులిపి, చెక్క పలకల మీద ఆపండి. నేలకు అంటుకుని గడ్డకట్టిన ట్రాకును పొద్దున్నే బలవంతంగా లాగించడం అంటే రబ్బరు చక్రాన్ని చేతులారా కాల్చడమే. ట్రాకు ఎత్తు మార్చే లివర్ ఉంటే అది గట్టి మంచును తవ్వే స్థానంలోనే ఉండిపోయిందేమో కూడా చూడండి. ముందు భాగం నేలను తవ్వుతూ పోతుంటే ఏ డ్రైవ్ అయినా అలసిపోతుంది. పక్కన ఉండే స్కిడ్ షూలు, అంటే గూడును నేలకు కాస్త ఎత్తులో ఉంచే పాదాలు, అరిగి గూడు అంచు నేలకు రాసుకుంటున్నా అంతే.

ఒక వైపు ట్రాక్ మాత్రమే నీరసంగా ఉంటే అది వేరే దారి: ఆ వైపు స్టీరింగ్ ట్రిగ్గర్ కేబుల్ బిగిసిపోయి సగం విడిపించి ఉంచుతోందేమో, లేదా ఇరుసు పిన్ తెగిందేమో చూడాలి.

ఇదే సమస్యతో వచ్చేవాళ్లలో కొందరి మెషిన్ హైడ్రోస్టాటిక్, అంటే పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో ట్రాకులు తిరిగే రకం అయి ఉండొచ్చు, వాళ్ల కోసం రెండు మాటలు. స్పీడ్ లివర్ గాట్లు లేకుండా నున్నగా జరుగుతుంటే చాలావరకు అదే. ఉదాహరణకు హోండా హెచ్‌ఎస్‌ఎస్ వరుస ట్రాక్ మెషిన్లు ఈ రకం. వాటిలో ఈ రబ్బరు చక్రం ఉండదు. ముందు చూడాల్సింది మెషిన్‌ను చేత్తో తోయడానికి వీలుగా ట్రాన్స్‌మిషన్‌ను విడిపించే లివర్. అది పూర్తిగా తిరిగి కూర్చోకపోతే ఆయిల్ పక్కదారి పడుతుంది, మెషిన్ చదునులో నడిచి మంచులో ఆగుతుంది. తర్వాత పంపును తిప్పే బెల్ట్, ఆ తర్వాత ఆయిల్ మట్టం. ఆయిల్ మాన్యువల్‌లో రాసినదే పోయాలి. కొన్నిటికి ఇంజిన్ ఆయిల్ సరిపోతుంది, కొన్నిటికి ప్రత్యేకమైన ద్రవం కావాలి, రెండూ కలపకూడదు. చలిలో మొదటి కొద్ది నిమిషాలు మందకొడిగా ఉండటం మామూలే. బాగా వేడెక్కాక బలం తగ్గుతూ పోతే మాత్రం లోపల పంపు అరిగిందని అనుమానించాలి, అది ఇంట్లో చేసుకునే పని కాదు.

మళ్లీ మీ మెషిన్‌కు వస్తే, కొత్త రబ్బరు వేశాక అది ఎక్కువ కాలం నిలవాలంటే డ్రైవ్ లివర్ నొక్కి ఉంచి గేరు మార్చకండి. లివర్ వదిలి, మార్చి, మళ్లీ నొక్కండి. అదిమి ఉన్న చక్రాన్ని డిస్క్ మీద అడ్డంగా ఈడిస్తే రబ్బరు అంచులు చిరుగుతాయి. గట్టి దిబ్బల్లో మొదటి గేరు చాలు, ట్రాకులు ఆగిన క్షణం లివర్ వదిలేసి కొంచెం వెనక్కి తీసి మళ్లీ కొరకండి. కొన్ని గంటలు నడిచాక రబ్బరు సర్దుకుంటుంది, అప్పుడు ఒకసారి కేబుల్ సరిచూసుకోండి.

గోడ పరీక్ష చేసి ఏయే గేర్లలో జారిందో రాయండి. అడుగు మూత తీశాక దాని లోపలి వైపు, రబ్బరు చక్రం అంచు, డిస్క్ ముఖం, ఈ మూడింటి ఫోటోలు పెట్టండి. పొడి ఎండుగా ఉందా బంకగా ఉందా అన్నది కూడా చెబితే ఏ పార్టు తెప్పించాలో, అసలు తెప్పించాలో వద్దో చెబుతాను.